నల్ల నెమలి

పాటంటే ప్రాణమిచ్చేవాడికి పాటను కోసి ఇస్తారా ఎక్కడైనా? కోళ్లను ప్రేమగా సాకేవాడికి కోడికూర పంపినట్టుంది.

వరంగల్‌లో ఇప్పుడు ఇదో ఫ్యాషనట. పాత గ్రామఫోను రికార్డును వేడినీళ్లలో మెత్తబరిచి, కత్తెరతో బొమ్మలు కోసి కానుకలిస్తారు. ఇంట్లో ప్లేయరు లేనివాళ్లు కూడా వాటిని గోడకు వేలాడదీసి తల ఊపుతున్నారు.

నెక్కొండలో ఒక పెళ్లికి మైక్ సెట్ పెట్టి కూర్చున్నాను. మా బామ్మర్ది ఉప్పలయ్య వచ్చి ఓ నల్ల నెమలిని నా చేతిలో పెట్టాడు.

“మస్తుగుంది. కూస్తదా?” అన్నాను.

“నీకోసమే చేసిన బావా. నిన్న నీ పెట్టెలకెళ్లే ఒక రికార్డు తీసిన. మంచియి ముట్టలే. అన్నిట్ల ఎక్కువ గీతలు పడి అరిగిపోయిందే కోసిన.”

“అది ఎందుకు అరిగిందిరా? ప్రతి పెండ్లిల ఏసి ఏసి అరిగింది. అది అప్పగింతల పాట. అది లేకుంట పిల్లను సాగనంపేటప్పుడు నేనేం...”

పందిరి అవతల నుంచి పిల్ల తండ్రి కేకేశాడు.

“మైకు సెట్టన్నా, పిల్ల జీపెక్కింది. జర ఆ పాట ఎయ్యి. ఎవ్వలకు ఏడుపొస్తలేదు.”