వెచ్చని ఒళ్లు

ప్యాంటు మేజోళ్లలో దోపి, మెడదాకా పురుగులు కుట్టకుండా మందు కొట్టుకుని కొచెవ్యె అడవికి వేటకొచ్చిన నన్ను చూసి మామగారు యెర్నెయ్ పగలబడి నవ్వారు. "పెళ్లిచూపులకా అల్లుడూ?"

చచ్చిన జింకను నేను భుజానేసుకోబోతే మాత్రం కసిరారు. "దింపవయ్యా! ఒళ్లు చల్లారితే పిడుదులు దాన్నొదిలి వెచ్చగా ఉన్నవాణ్ణి పట్టుకుంటాయి."

వేటగాళ్ల ఆచారం ప్రకారం దేవదారు రెమ్మ విరిచి, సగం దాని నోట్లో ఆఖరి ముద్దగా పెట్టారు. సగం టోపీలో గుచ్చుకున్నారు.

పొద్దుటి నుంచి జీపులోనే పడుకున్న తన ముసలి కుక్క లిస్కోను ఒళ్లోకి తీసుకుని, "పోనివ్వు" అన్నారు.

దారిలో నా మోచేతిమీద ఏదో పాకింది. పిడుదు! వెనకే మరో నాలుగు. గబగబా దులుపుకున్నాను.

"ఛీ ఛీ! కుక్క మీంచే వస్తున్నాయి. వెనక్కి తోసెయ్యండి మామయ్యా!"

"అలసి పడుకుందయ్యా."

అసహ్యంగా అటు తిరిగాను. ఆయన చేతులనిండా పిడుదులే. ఒక్కటీ దులుపుకోవడం లేదు. టోపీలోని సగం రెమ్మ తీసి లిస్కో నోట్లో పెడుతున్నారు.