వదులు గాజులు

ఆర్కియాలజీ ప్రొఫెసర్ పేపర్‌ని మళ్లీ వెనక్కి పంపాడు. టీనా విసురుగా లాప్‌టాప్ మూసింది. కెనడాలోని బర్నబీలో ఆ ఇంటి బేస్‌మెంట్ నిండా స్టూడెంట్లే. ఆ గోల భరించలేక పైకొచ్చి, ఇంటావిడ బాలకుమారి వంటింట్లో కూర్చుని రాసుకుంటోంది టీనా.

"ఏమైందమ్మా?" స్టవ్ దగ్గర్నుంచి అడిగింది బాలకుమారి.

"వేల ఏళ్ల నాటి సమాధి ఆంటీ. లోపల రెండేళ్ల పాప. చేతికేమో పెద్ద పిల్లల గాజులు. అవెందుకు వేశారో చెప్పలేక చస్తున్నా."

"ఎదుగుతుందని వేసుంటారు. పిల్లలకి మనం లూజువే కొంటాం కదా."

"చచ్చిపోయిన పిల్ల ఎలా ఎదుగుతుంది ఆంటీ!" టీనా కసిరింది.

బాలకుమారి స్టవ్ కట్టేసింది.

"మా బాబుని సమాధి చేసినప్పుడు స్నోబూట్లు ఒక సైజు పెద్దవే తొడిగానమ్మా. వచ్చే చలికాలానిక్కూడా పనికొస్తాయని."