ఆరు అక్షరాల మనిషి

మూడు రిజిస్టర్లలోనూ వాడే. గయానా.

ఇన్‌స్పెక్టర్ కామేశం కంప్యూటరు కాగితాన్ని బల్ల మీద పరిచి మూడోసారి చదివాడు. ఈ ఒక్క పేరు కోసం ఎనిమిది నెలలు పట్టింది.

వికారాబాద్ నుంచి తాండూరు దాకా నిఘా పెట్టే సర్కారు ఆఫీసులు మూడు. ఒకటి రాజకీయాలు చూస్తుంది, ఒకటి రైళ్లు, ఇంకొకటి నాపరాళ్ల గనుల్లో కూలీ సంఘాలు. ఒకరంటే ఒకరికి పడదు. ఒకరి ఫైలు మరొకరు అడిగితే చెదలు తినేశాయంటారు. ఎనభై ఆరులో హైదరాబాద్‌లో కంప్యూటరు పెట్టారు. మూడు ఆఫీసుల రిజిస్టర్లూ అందులోకి ఎక్కాలి, ఎక్కించే పూచీ నీది అని కామేశాన్ని రాజమండ్రి నుంచి తెచ్చి ఇక్కడ దింపారు.

ఆ మిషనుకు తెలుగు రాదు. అందుకని రిజిస్టర్లలో ఉన్న ప్రతి పేరునూ గుమాస్తాలు ఇంగ్లీషు అక్షరాల్లోకి దించారు. ఆ గుమాస్తాలూ, అంతకుముందు రిజిస్టర్లు రాసినవాళ్లూ అందరూ బయటి జిల్లాల వాళ్లే. ఇక్కడివాళ్లను పెట్టుకుంటే సంగతులన్నీ చుట్టాలకు చేరతాయని సర్కారు భయం.

మిషను అంతా నమిలి ఒక్క పేరు ఉమ్మింది. ఆరు ఇంగ్లీషు అక్షరాలు, GAYANA. కామేశం కూడబలుక్కుని చదివాడు. గయానా.

నాలుగు వందల పన్నెండు చోట్ల ఉన్నాడు వాడు. తాండూరులో కూలీల్ని కూడగట్టింది గయానా. అదే రోజు ధారూర్‌లో రైలెక్కింది గయానా. ఆ సాయంత్రమే కొడంగల్‌లో బస్సు దిగింది గయానా. ఊరు లేదు, తండ్రి పేరు లేదు, ఫొటో లేదు. సమ్మె జరిగినప్పుడల్లా మగవాళ్లు పరారైతే, గుడిసెల దగ్గర మిగిలిన ఆడవాళ్లను గద్దించి రాసుకున్న కబుర్లవి. అంతమంది ఆడవాళ్లు కూడబలుక్కుని అబద్ధమాడతారా?

ముగ్గురు ఆఫీసర్లూ పదేళ్లలో మొదటిసారి ఒకే బల్ల దగ్గర చాయ్ తాగారు.

"ఇన్నేళ్లూ మీ ముక్కు కిందే తిరిగాడు కదండీ" అన్నాడు రైళ్ల ఆఫీసరు.

"తిరిగింది మీ రైళ్లలోనే. టికెట్టు కూడా కొన్నట్టు లేదు" అన్నాడు గనుల ఆఫీసరు.

హైదరాబాద్ నుంచి హుకుం వచ్చింది. గయానా దొరికితే ఏడాది దాకా బెయిలు లేదు.

ఆ వారమే గనుల్లో మళ్లీ సమ్మె లేచింది. జంగప్ప అనే కూలీ చెయ్యి రాయి కింద పడి నలిగింది. గని యజమాని మందు ఇప్పించలేదు. దాని మీద గొడవ. పోలీసులు తొమ్మిది మందిని పట్టి తాండూరు పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నలిగిన చేత్తో జంగప్ప కూడా అందులోనే ఉన్నాడు.

తొమ్మిది మందిలో గయానా ఉన్నాడని కామేశానికి గట్టి నమ్మకం. గేటు బయట ఏడుస్తున్న ఆడవాళ్లలో జంగప్ప పెళ్లాం బీరమ్మను లోపలికి పిలిచాడు.

"మీ కాల్మొక్త సారూ. ఆ చెయ్యి నల్లవడుతుంది. ఇయ్యాల దవాఖానకు తీస్కపోకపోతే కోసేస్తరంట."

"పంపిస్తా. మా జీపులోనే పంపిస్తా. ముందు నువ్వు గయానాను చూపించు."

"ఏమంటివి సారూ?"

"గయానా. వీళ్లలో గయానా ఎవరు?"

బీరమ్మ ముఖం విప్పారింది. గబగబా చెయ్యెత్తి చూపించింది.

"గదిగో, గోడకు ఆనుకొని కూసున్నడు. చేతికి గుడ్డ సుట్టుకున్నడు సూడు."

ఆ తొమ్మిది మందిలో చేతికి గుడ్డ ఉన్నది ఒక్క జంగప్పకే.

కామేశం జంగప్పను ఎగాదిగా చూశాడు. "ఆలోచించుకుని చెప్పు" అన్నాడు.

"దీంట్ల ఆలోచన చేసేదేముంది సారూ? పదేండ్ల సంది ఒక్క గుడిసెల ఉంటున్నం. నాకు గుర్తు లేకుంటదా? జర జల్ది పంపుండ్రి."

జంగప్ప తనే లేచి ముందుకొచ్చి నిలబడ్డాడు. కాదని కూడా అనలేదు. ఎంత పొగరు, అనుకున్నాడు కామేశం.

ముగ్గురు ఆఫీసర్లూ ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. ఎనిమిది మందిని ఇళ్లకు పంపారు. జంగప్పను జీపెక్కించారు. జీపు దవాఖానకు పోలేదు. అంతటివాణ్ణి దవాఖానలో పడుకోబెడితే కిటికీలోంచి మాయమవుతాడని, నేరుగా దూరపు జైలుకు పోయింది.

గేటు దగ్గర హన్మమ్మ అనే ఆవిడ బీరమ్మ ముఖాన ఉమ్మింది. "కట్టుకున్నోన్నే పట్టిస్తివి గదనే."

"నేనేం జేసిన అక్కా? దవాఖానకు పంపుమన్న."

అయిదో రోజున జైల్లో జంగప్ప చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆ సాయంత్రమే కామేశానికి ప్రమోషన్ కాగితం అందింది.

నెల తిరిగాక బీరమ్మ వికారాబాద్ ఆఫీసుకు వచ్చింది. మొగుణ్ణి చూసి రావడానికి చిట్టీ కావాలంది.

"జీపు దవాఖానకు పోతదంటివి గద సారూ" అంది.

కామేశం ఫారం ముందుకు లాక్కున్నాడు.

"ఖైదీ పేరు?"

బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చినవాళ్లే నోటితో చెప్పాలి. రూలు. అంతమందిలో వేలెత్తి చూపించినదానివి, పేరు చెప్పడానికేం సిగ్గు?"

"మొగని పేరు నోట్ల తియ్యొద్దు సారూ, ఆయుష్షు తగ్గుతది, గందుకే మా దిక్కు ఆడోళ్లమందరం మొగుణ్ణి 'గాయన' అనే అంటం."