గడ్డకట్టని గొట్టం

ఏమర్రా, యూట్యూబ్ చూసి ఇంటిపని మొదలుపెట్టే ఇంజినీర్లూ! ఆ స్క్రూడ్రైవర్లు కింద పెట్టి ఇలా రండి. మొహాలు చూస్తేనే తెలుస్తోంది, మీరంతా శశికాంత్‌కి చుట్టాలే.

అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో ఆ శశికాంత్ ఇల్లు కొని, బేస్‌మెంట్‌లో ఇల్లంతా వెచ్చబెట్టే కొత్త బాయిలర్ పెట్టించాడు. ఈ కాలం బాయిలర్లకి జలుబు చేసిన ముక్కులా ఎప్పుడూ నీళ్ళు కారుతూనే ఉంటాయి. అవి పోవడానికి ఒక సన్నగొట్టం ఉంటుంది.

"వాషింగ్ మెషీన్ డ్రెయిన్‌లో కలిపేద్దాం," అన్నాడు ప్లంబరు.

"అటు నా హోమ్ థియేటర్ ఉంది. గోడ పొడుగునా గొట్టమా? బయటికి వదిలేస్తా. అది నేను చూసుకుంటా."

"చలికి గడ్డకడుతుంది. నీళ్ళు వెనక్కి తన్ని బాయిలర్ ఆగిపోతుంది."

శశికాంత్ నవ్వాడు. పక్కగోడకి కన్నం పెట్టి గొట్టం మూతి బయటికి తీశాడు.

చలికాలం వచ్చింది. మంచు పడింది. బకెట్లో మర్చిపోయిన నీళ్ళు రాయైపోయాయి. శశికాంత్ ఇల్లు మాత్రం వెచ్చగా ఉంది. ఉయ్యాల్లో పసిపాప గుప్పిళ్ళు మూసుకుని నిద్రపోయేది.

"చూశావా గిరిజా? స్లోప్ అంత కరెక్ట్‌గా ఇచ్చా," అనేవాడు భార్యతో.

వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టాడు. అది చూసి ఫ్రెండ్స్ కొందరు తమ గోడలకీ కన్నాలు పెట్టుకున్నారు.

మంచు మొదలైన కొత్తలోనే ఓ పొద్దున ఒక పెద్దాయన ఆ గోడ దగ్గర ఆగాడు. మంకీ క్యాప్, చంకలో ఫ్లాస్కు. వెనక వీధి మేధ వాళ్ళ నాన్న వీరాంజనేయులు. గొంతుకి చల్లగాలి పడదని వేణ్ణీళ్ళు తాగుతూ వాకింగ్ చేస్తాడు.

"ఏంటి బాబూ ఈ గొట్టం?"

"బాయిలర్ నీళ్ళు పోవడానికి అంకుల్."

"మూసుకుపోతే?"

"హీట్ ఆగిపోతుంది. నా డిజైన్‌లో మూసుకుపోదులెండి."

"లోపల చంటిపిల్ల ఏడుస్తున్నట్టుంది. మీ పాపేనా?"

"అవునంకుల్. మీటింగ్ ఉంది, వస్తా."

కొన్నాళ్ళకి ప్యాకేజీ దొంగల భయంతో శశికాంత్ ఇంటి చుట్టూ కెమెరాలు పెట్టించాడు. మర్నాడు పొద్దున ఫోన్ చూసి అదిరిపడ్డాడు.

పెద్దాయన కెమెరాకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి, కాస్త ముందుకి వంగి నిలబడ్డాడు. ముందునుంచి పొగలు లేస్తున్నాయి. ఆయన వెళ్ళాక చూస్తే కింద మంచులో గుంట!

మీకూ అదే తట్టింది కదూ? దొంగమొహాలు!

"గిరిజా! ఈయన మన గోడకి... ఛీ ఛీ!"

"షుగరుందేమో పాపం. పెద్దాయన, ఆపుకోలేకపోయారేమో."

"పోయి పోయి మన గోడకేనా? ఇది అమెరికా!"

"అయితే వెళ్ళి అడుగు."

"ఏమని అడగను? రేపు మేధ మొహం ఎలా చూడను?"

అడగలేనివాడు రాస్తాడు. చిన్నప్పటినుంచి బస్టాండు గోడల మీద చదువుకున్న మాటే అట్టముక్క మీద మార్కర్‌తో రాసి, గొట్టం పైన అంటించాడు.

'ఇచ్చట మూత్రము పోయరాదు.'

అలా అమెరికా గోడకి తెలుగొచ్చింది.

మర్నాడు పెద్దాయన రాలేదు.

"చూశావా? మన భాష పవరది!" అని చంకలు గుద్దుకున్నాడు శశికాంత్.

ఆ తర్వాతి పొద్దున గిరిజ కేకకి మెలకువొచ్చింది. ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. పాప వేళ్ళు చల్లబడ్డాయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"బాయిలర్ ఆగిపోయింది! ఏదీ నీ స్లోపు?"

శశికాంత్ బాయిలర్ బటన్ నొక్కాడు, ఆపాడు, మళ్ళీ నొక్కాడు. లాభం లేదు. పైజామాతోనే బయటికి పరిగెత్తాడు. గొట్టం మూతికి అడ్డంగా మంచు బిరడాలా బిగుసుకుపోయి ఉంది.

ప్లంబర్‌కి ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు.

"ఈసారి ఆ డ్రెయిన్‌లోనే కలిపెయ్యండి. థియేటర్ మధ్యలోంచి పోయినా సరే," అన్నాడు శశికాంత్.

ఈలోగా గిరిజ మేధకి ఫోన్ చేసింది. తల్లీబిడ్డల్ని తన ఇంటికి తీసుకెళ్దామని మేధ కారేసుకుని వచ్చేసింది. కారు సరిగ్గా ఆ గోడ పక్కనే ఆపింది.

శశికాంత్ గబుక్కున అట్టముక్కకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"అంకుల్... బాగున్నారా?"

"నిన్న తెల్లవారుజామునే రెడ్‌మండ్ వెళ్ళిపోయారండీ, మా చెల్లి దగ్గరికి. మొన్న సాయంత్రం మీకు చెప్పి వస్తానని ఇటే వచ్చారు. ఇక్కడేదో చదివి వెనక్కొచ్చేశారట. ఏంటి నాన్నా అంటే నవ్వి ఊరుకున్నారు."

శశికాంత్ వీపు ఇంకా గట్టిగా గోడకి అదుముకున్నాడు.

మేధ కార్లోంచి ఫ్లాస్కు తీసింది.

"నిన్ననే ఇవ్వాల్సింది, ఆఫీసు పనిలో కుదర్లేదు. వేణ్ణీళ్ళు నింపి తెచ్చాను. ఇన్నాళ్ళూ పొద్దున్నే మీ గొట్టం మూతి మీద మా నాన్నే పోసేవారట, పాపకి చలేస్తుందని... ఇకమీదట మిమ్మల్ని పోసుకోమన్నారు."