విత్తనాల పరుపు

వాన వెలిసిన పొద్దున ఎర్రప్ప పెండ్లాంతో, "నా కింద రాగులు తియ్యి మే. విత్తేలోగా నేల పదును ఆరిపోతాది," అన్నాడు.

బావి తవ్వుతూ పడి, నడుం విరిగి, శివరాత్రి నుంచి అతను మంచం మీదే ఉన్నాడు. వీపు పుండ్లు పడకుండా ఆంజినమ్మ విత్తనానికి దాచిన రాగులన్నీ పాత చీరలో పోసి, పరుపులా కుట్టి కింద వేసింది. పూటకు నాలుగుసార్లు పక్కకు తిప్పేది.

"తీస్తే నీ వీపు చీము పడతాది," అంది.

"తీయకుంటే ఏడాదంతా ఏం తింటావు, నా వీపునా?"

ఆమె రాగులు తీసి విత్తించింది. ఉత్త చాప మీద అతని వీపు నాలుగో రోజుకే పుండ్లు పడింది. ఇరవయ్యో రోజున పోయినాడు.

కర్మలయ్యాక ఆంజినమ్మ చేనికి పోయింది. పైరు ఎక్కడా సందు లేకుండా మొలిచి ఉంది.

పక్క చేని రామక్క గట్టు మీద నిలబడి, "లేవలేని మనిషి కింద నాలుగు నెలలుండి ఒక గింజైనా తడిసిండ్లేదు కదమ్మా! మురిగిపోయింటాయనుకొంటిమి," అంది.

ఆంజినమ్మ వంగి పైరును తడిమింది. ఎండాకాలమంతా తను నీళ్ల చెంబు నోటి దగ్గర పెట్టినప్పుడల్లా ఎర్రప్ప, "దప్పిక లేదు, పో మే," అని మొగం తిప్పుకునేవాడు.

అప్పుడు ఆమె అది జబ్బు అనుకుంది.