తిమ్మప్ప పెట్టిన పాయింటు

"ఆ కర్ర ఇట్లియ్యి తాతా. ఈ పొద్దు మంచం కాడ నుంచి గడప దాకా ఉత్త చేతులతో నడవాల."

"నా వల్ల కాదు పాపా. పడతా."

"పడితే పట్టుకునేకి నేను లేనా?"

"నువ్వు చూస్తే పిడికెడు మనిషివి. నేను నీ మీద పడితే ఇద్దరికీ కట్లు కట్టేకి ఇంకో డాక్టరు రావాల."

నాగజ్యోతి నవ్వు ఆపుకుంది. ఆమె ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో ఎడమకాలు చచ్చుబడిన తిమ్మప్పను నడిపించడానికి మూడు నెలలుగా బెళుగుప్ప నుంచి బస్సెక్కి ఈ ఊరికి వస్తోంది. కాలికి బలమైతే వచ్చింది గానీ మనిషికి భయం పోలేదు. నాలుగు కాళ్ల చేతికర్ర వదలమంటే చాలు, చంటిపిల్లాడికన్నా అన్యాయంగా మొండికేస్తాడు. ఈ కర్ర వదిలించలేకపోతే తన చదువంతా దండగేనని ఆమె బాధ. అందుకే ఇవాళ అడగడం మానేసి, లటుక్కున లాగేసుకుంది.

సరిగ్గా అప్పుడే తిమ్మప్ప భార్య రామసుబ్బమ్మ బయటి నుంచి వచ్చింది.

"పొద్దున్నుంచి ఆ బోరు బండి రొద యాడిదో అనుకుంటి. మన ఓబిలేష్ చేనులోనేనంట! నిన్న నువ్వు పాయింటు పెట్టినావు, తెల్లారకముందే బండి తెచ్చినాడు."

తిమ్మప్ప ముఖం పాలిపోయింది. "అయ్యో, కొంప మునిగింది!"

తిమ్మప్ప నీళ్లు చూసే మనిషి. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అదే పాయింటు, అక్కడ బోరు వేస్తారు. జబ్బుపడ్డాక ఆయన చూసిన మొదటి చేను ఓబిలేష్‌దే.

"ఆడ నీళ్లు లేవు పాపా," అన్నాడు గొంతు తగ్గించి. "నిన్న కాయ లేయనే లేదు. ఈ పాడు కాలు మడతపడి బోర్లా పడితి. కాయ యాడికో దొర్లిపాయ. అది చూసి ఆ ఎర్రోడు 'మామను గంగమ్మ లాగింది, మామను గంగమ్మ లాగింది' అని ఒకటే కేకలు. నేను లేసి నిలబడేలోగా ఆడ రాయి పాతి, టెంకాయ కొట్టి, కర్పూరం గూడా ఎలిగించినారు."

"అప్పుడే చెప్పుండొచ్చు కదా!"

"నోరు రాలేదు తల్లీ. నలభై ఏండ్లుగా నా చేతిని నమ్మినోళ్లు. నాకు కాలే నిలవలేదప్పా అని యా ముఖం పెట్టుకోని చెప్పేది? రెండు దినాలు పోనిచ్చి మెల్లిగా చెబుదామనుకుంటి."

"సరే, నేను పోయి చెప్పొస్తా. నువ్వు కూచో."

"నువ్వు చెబితే ఎవడింటాడు? నా మాట మీద వచ్చిన బండి, నా మాట మీదనే పోవాల. వానికి ముందే రెండు బోర్లు ఎండిపోయినాయి!"

లేచాడు. లేచినవాడు లేచినట్టే గడప దాటాడు.

"తాతా, కర్ర..." అనబోయి నాగజ్యోతి నాలుక కరుచుకుంది. కర్ర తన చేతిలోనే ఉంది. ఆ సంగతి తిమ్మప్పకు గుర్తే లేదు. పిలిస్తే గుర్తొస్తుంది, గుర్తొస్తే పడతాడు. ఆమె నోరు మూసుకుని, పట్టుకోవడానికి ఒక చెయ్యి చాచి, రెండడుగుల వెనకే నడిచింది. ఆమె వెనక రామసుబ్బమ్మ.

"మడమ ముందర, వేళ్లు తర్వాత... మడమ ముందర, వేళ్లు తర్వాత..." మూడు నెలల పాఠాన్ని ముసలాయన గొణుక్కుంటూ పోతున్నాడు. మధ్యమధ్యలో ఓబిలేష్‌నూ, వాడి తాతముత్తాతలనూ తిడుతున్నాడు. ఎడమకాలు కాస్త ఈడుస్తోంది, అయినా ఆగడం లేదు. శనక్కాయ చేను గట్టు వస్తే అదీ ఎక్కి దిగాడు. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. నాగజ్యోతికి అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది. పరీక్ష పాసైన రోజు కూడా ఆమె ఇంత సంతోషం ఎరగదు.

సగం ఊరు ఓబిలేష్ చేనులోనే ఉంది. బండి రొదలో ఎంత అరిచినా వినబడదని, తిమ్మప్ప జనాన్ని తోసుకుంటూ పోయి ఓబిలేష్ చెవి దగ్గరే కేకేశాడు.

"ఆపించరా బండి! ఈడ నీళ్లు లేవు. నిన్న గంగమ్మ లాగలేదు, ఏమీ లేదు. నా కాలు మడతపడింది!"

"ఏమంటాండావు మామా?"

"కాయ లేయలేదురా! ఎడమకాలు మడతపడింది, పడితి. అంతే! నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే."

పక్కనే ఉన్న నలుగురి చెవినా ఆ మాట పడింది. ఓబిలేష్ అక్కడే మట్టికుప్ప మీద కూలబడ్డాడు. బండి ఆపమని చెయ్యి ఎత్తబోయాడు.

అంతవరకూ తెల్లటి రాతిపొడి చిమ్ముతున్న బోరు గుంత ఒక్కసారిగా బురద కక్కింది. దాని వెనకే నీళ్లు బుస్సుమని బండి కన్నా ఎత్తుకు లేచాయి. అక్కడున్న జనమంతా తడిసి ముద్దయ్యారు. ఓబిలేష్ లేచి తిమ్మప్పను కావలించుకుని గిరగిరా తిప్పాడు. రామసుబ్బమ్మ ఎవరేమనుకుంటారోనని కూడా చూడకుండా మొగుడి ముఖం కొంగుతో తుడిచింది.

"తాతా, ఇది యాడ ఉండాదో చూడు," అంటూ నాగజ్యోతి కర్రను పైకెత్తి చూపించింది.

తిమ్మప్ప ఆ కర్రను చూశాడు. బురదలో నిలబడిన తన కాళ్లను చూసుకున్నాడు.

"అంటే... ఈడిదాకా నేను ఉత్త చేతులతో నడిచొచ్చినానా పాపా?"

"గట్టు గూడా ఎక్కినావు! ఇంగొక్క నెల కసరత్తు చేయిస్తే, ఈ కాలు ఇంగెప్పుడూ మడతపడదు. అది నా పూచీ."

ఆ మాట చెవిన పడగానే పక్క చేను గంగాధరప్ప తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చి ఆమె ముందు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నీకు పుణ్యముంటాది, మా చేనులో గూడా ఒక్కసారి మడతపడేదాకా ఆ కాలు బాగు చెయ్యొద్దు తల్లీ!"