వెనక్కి వెళ్లిన నారింజపళ్లు

చైనాలోని హార్బిన్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో, పండగపూట పక్కింటి ఫాంగ్ పిన్నిగారికి బుట్టెడు నారింజపళ్లు పట్టుకెళ్లాను.

"అయ్యయ్యో, ఇవన్నీ ఎందుకు? వద్దొద్దు!" అంది.

పరాయి దేశంవాణ్ణి కదా, నిజమనుకుని బుట్టతో సహా తిరిగొచ్చేశాను. ఇక్కడ వద్దనడం మర్యాదనీ, బతిమాలి చేతిలో పెట్టాలనీ తెలిసేసరికి పళ్లన్నీ నా కడుపులో ఉన్నాయి.

ఈ పండక్కి పిన్నిగారే పొగలు కక్కుతున్న మాంసం కుడుములు తెచ్చింది. నోరూరిపోతున్నా నేర్చుకున్న మర్యాద చూపించాను.

"మీకెందుకండీ శ్రమ? వద్దు పిన్నిగారూ!"

"సరేలే నాయనా," అని పళ్లెంతో వెనుదిరిగింది.

నా మొహం వాడిపోయింది. తన గుమ్మం దాకా వెళ్లి పిన్నిగారు పకపకా నవ్వింది.

"ఇప్పుడర్థమైందా, నిరుడు నా నారింజపళ్లు వెళ్లిపోతుంటే నాకెలా ఉందో? రా, చల్లారిపోతున్నాయి!"